రాయిని తీసే ముందు చోటు రాసుకోండి



కిందటి నెల మన గోడ పత్రికలో నా మీద ఒక కార్టూను వేశారు. పెట్టె నిండా రాళ్లు, బట్టలన్నీ బయట, ఆ రాళ్ల మీద తల పెట్టుకొని నేను నిద్రపోతున్నట్టు బొమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బొమ్మ బాగానే కుదిరింది. కానీ ఆ రాళ్లు ఎందుకురా అని ఒక్కరూ అడగలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంది, రెండు చార్టులు పట్టింది. అన్నం గంట కొట్టే లోపల చదవలేకపోతే మిగతాది రేపు చదవండి.

నేను పలగ్గొట్టిన రాయి

2021 దసరా సెలవులు. అప్పుడు నేను ఆరో తరగతి. ఇంటికి పోయిన మూడో రోజు మా మేనబావతో కలిసి మేకలు తోలుకొని ప్రాణహితలో కలిసే మా ఊరి వాగు దగ్గరికి పోయాను. వానలకు ఒడ్డు కోసుకుపోయి ఉన్నది. అక్కడ నాకు ఒక రాయి దొరికింది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఉండేంత పొడుగు, ముదురు గోధుమ రంగు, ఒక కొన సన్నగా, ఇంకో కొన గుండ్రంగా ఉబ్బి ఉన్నది. ఎత్తితే చాలా బరువు.

"బావా, దీంట్ల వజ్రం ఉంటదేమో, పలగ్గొడదామా?" అన్నాను.

"కొట్టు మరి" అన్నాడు.

కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వానలు పడగానే జనం పొలాల్లో వజ్రాల కోసం వెతుకుతారని నేను అంతకుముందే విన్నాను. అదే మనసులో ఉన్నది. పెద్ద బండ మీద పెట్టి ఇంకో బండతో కొట్టాను. నాలుగో దెబ్బకు పగిలింది. లోపల వజ్రం లేదు. తేనెపట్టు లాగ సన్న సన్న రంధ్రాలు మాత్రం ఉన్నాయి. "తుస్సుమన్నది" అని మా బావ నవ్వాడు. ముక్కలను వాగులోకి విసిరి ఎవరిది దూరం పడుతుందో పందెం వేసుకున్నాము. ఒక్క ముక్క మాత్రం చూడడానికి బాగున్నదని జేబులో వేసుకొని వచ్చాను.

నా తెలివితక్కువతనం ఏమిటంటే, వజ్రం అట్లా వాగు రాళ్ల లోపల దాక్కొని ఉండదు. భూమి లోతుల్లో పుట్టి, కింబర్లైట్ అనే రాతితో పాటు పైకి వస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర అటువంటి రాయి ఉంది. ఆ రాయి ఎండకు వానకు అరిగిపోయాక వజ్రం విడిపోయి మట్టిలో పడుతుంది. అందుకే అక్కడి వాళ్లు రాళ్లు పలగ్గొట్టరు, వానకు కడిగిన మట్టి మీద చూపు పెట్టి నడుస్తారు. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది.

మన నేల కింద ఏమున్నది?

హైదరాబాదు, కరీంనగరు వైపు పెద్ద పెద్ద నల్లరాతి గుట్టలుంటాయి. అది గ్రానైటు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడితే గ్రానైటు అవుతుంది. దాంట్లో ఎముకలు, ఆకులు ఉండవు. మన ప్రాణహిత, గోదావరి లోయ అట్లా కాదు. ఇక్కడ కోట్ల సంవత్సరాల కిందట నేల పొడుగునా కుంగింది. కుంగిన చోటికి నదులు మట్టి, ఇసుక తెచ్చి పోస్తూనే ఉన్నాయి. పొర మీద పొర పడి అవన్నీ రాయిగా మారాయి. మన పాత ఆదిలాబాదు జిల్లాలో ఈ పొరలు ఒక నోటుబుక్కు పేజీల లాగ ఉన్నాయి. అడుగు పేజీ నుంచి చదువుదాము.

1. బొగ్గు పొరలు. బెల్లంపల్లి, మందమర్రి గనుల్లో తీసే బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. బొగ్గు పొరల నడుమ ఉండే పలక రాయిలో నాలుక ఆకారంలో ఆకుల అచ్చులు ఉంటాయి. ఆ చెట్టు పేరు గ్లోసాప్టెరిస్. ఇప్పుడు అది లోకంలో ఎక్కడా లేదు.

2. మాలేరి పొరలు. ఇవి ఎర్రమట్టి రాళ్లు. సుమారు 22 కోట్ల ఏళ్ల నాటివి. వీటిలో హైపరోడాపెడాన్ అనే ప్రాణి ఎముకలు దొరికాయి. అది ముక్కు లాంటి వంపు మూతితో చెట్టూ చేమా తినే సరీసృపం. మొసలిని పోలిన పారాసూకస్ అనే జంతువు ఎముకలు కూడా దొరికాయి.

3. కోట పొరలు. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి, ఇసుకరాయి, బంకమట్టి. ప్రాణహిత అవతలి ఒడ్డున సిరొంచ దగ్గర ఉన్న కోట అనే ఊరి పేరే వీటికి పెట్టారు. ఇక్కడి చేపల శిలాజాల గురించి 1851లోనే లండనులో అచ్చు వేశారు. ఈ పొరల్లో డైనోసార్లు కూడా దొరికాయి.

4. అన్నిటికన్నా పైన లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను అంతటా భూమి పగిలి లావా పారింది. జైనూరు, ఉట్నూరు వైపు నల్లటి గుట్టలు అదే.

మన ఊరి పేరు పెట్టుకున్న జంతువు

ఎనిమిదో తరగతిలో మనల్ని విహారయాత్రకు హైదరాబాదు తీసుకుపోయారు కదా. బిర్లా సైన్సు సెంటరులో పెద్ద అస్థిపంజరం ముందర అందరము ఫోటో దిగాము. కానీ కింద బోర్డు ఎంతమంది చదివారు? దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి అంటే మన దిక్కు ఊరే! 1970ల చివరలో భారత భూవిజ్ఞాన సర్వే వాళ్లు అక్కడ 840 దాకా ఎముకలు సేకరించారు. అవి ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. 1988లో పి. యాదగిరి గారు దానికి ఈ పేరు పెట్టారు. పొడుగాటి మెడ, పొడుగాటి తోక, నాలుగు కాళ్ల మీద నడుస్తూ ఆకులు అలములు తినే జంతువు అది.

దానికి ఒక చుట్టం కూడా ఉంది. పేరు బారాపాసారస్ టాగోరై. అవతలి ఒడ్డున పోచంపల్లి అనే ఊరి దగ్గర 1961 ప్రాంతంలో తవ్వి 300 దాకా ఎముకలు తీశారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. ఆ సంవత్సరం రవీంద్రనాథ్ టాగూరు శతజయంతి కాబట్టి ఆయన పేరు కూడా కలిపి 1975లో పేరు ప్రకటించారు. ఆ ఎముకలు కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉన్నాయి.

పెద్దవే గొప్ప అనుకోకండి. అదే కోట పొరల్లో కోటథీరియం అనే ఒక బుల్లి క్షీరదం సంగతి కూడా తెలిసింది. దానికి 1981లో పేరు పెట్టడానికి ఆధారం ఒకే ఒక్క పన్ను. బియ్యపు గింజ కన్నా చిన్నది. మట్టిని నీళ్లలో నానబెట్టి, జల్లెడ పట్టి ఇటువంటి పళ్లు ఏరారు. మా అవ్వ బియ్యంలో మెరిగెలు ఏరినట్టే.

ఎముక రాయి ఎట్లా అవుతుంది?

మామూలుగా జంతువు చస్తే నక్కలు, గద్దలు తింటాయి. మిగిలిన ఎముకలు ఎండకు పొడి అవుతాయి. కానీ వరద వచ్చి వెంటనే ఒండ్రు కప్పేస్తే గాలి తగలదు, నక్క తవ్వదు. మట్టిలో ఊరే నీళ్లలో కరిగిన ఖనిజాలు ఉంటాయి. అవి ఎముకలోని సన్నటి రంధ్రాల్లోకి పోయి పేరుకుంటాయి. వేల, లక్షల ఏళ్లకు ఎముక ఆకారం అట్లాగే ఉండి రాయి అయిపోతుంది.

చెట్టు కూడా అంతే. దీన్ని అర్థం చేసుకోవాలంటే జైనూరు మండలం ఉషేగాం ఓజా కళాకారులను తలుచుకోండి. వాళ్లు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. మైనం లేదు, కానీ మైనం ఆకారం ఇత్తడిలో ఉంది. అట్లాగే చెట్టులో కర్ర పోయి దాని చోటికి సిలికా అనే పదార్థం వస్తుంది. తేడా ఏమిటంటే ఓజాలకు కొన్ని రోజుల పని, భూమికి లక్షల ఏళ్ల పని. పైగా భూమి పోత పోసేది కణం కణం చొప్పున. అందుకే చెట్టు నారలు కూడా రాయిలో కనబడతాయి. అవతలి ఒడ్డున సిరొంచ దగ్గర వడదంలో మహారాష్ట్ర అటవీ శాఖ వాళ్లు ఇటువంటి రాతి చెట్లను కాపాడి శిలాజాల పార్కు పెట్టారు.

మరి వాగుల్లో దొరికే రంగురాళ్ల సంగతి? ఎరుపు, తెలుపు, బూడిద రంగు చారలతో నున్నగా మెరిసే గులకరాళ్లను అగేటు అంటారు. లావా చల్లారేటప్పుడు రొట్టెలో లాగ గాలి బుడగలు మిగిలిపోతాయి. ఆ బుడగల్లోకి సిలికా నీళ్లు ఊరి, గోడకు సున్నం పూత మీద పూత వేసినట్టు, పొరలు పొరలుగా నిండితే అగేటు. వార్ధా నది లావా నేల మీదుగా వచ్చి వైన్‌గంగతో కలిస్తేనే మన ప్రాణహిత. అందుకే ఎగువ రాళ్లు మన ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వీటికి పెద్ద ధర ఏమీ రాదు. అమ్ముదామనుకునేవాళ్లు ఇక్కడే ఆశ వదులుకోండి. కానీ ఎండకు పట్టి చూస్తే లోపల వెలుగు కనబడుతుంది. ఆ సంతోషానికి పైసలు అక్కర్లేదు.

గుర్తు పట్టడం ఎట్లా?

ఎముక రాయి: విరిగిన చోట చూడండి. బయట సన్నటి గట్టి పొర, లోపల తేనెపట్టు లాగ రంధ్రాలు ఉంటే అనుమానించాలి. మామూలు రాయి లోపలా బయటా ఎక్కువగా ఒకే తీరుగా ఉంటుంది. శిలాజ ఎముక నాలుకకు అంటుకుంటుందని పెద్ద శాస్త్రవేత్తలే పరీక్ష చేస్తారట. మనము చేయవద్దు. వాగులో మేకలు తిరుగుతాయి.

చెట్టు రాయి: పొడుగునా నారలు, కొనన గుండ్రటి వలయాలు ఉంటాయి. కర్ర అనుకొని ఎత్తితే బరువుకు చెయ్యి జారుతుంది. చాకుతో గీస్తే గీత పడదు. అదే గాజు పెంకును గీస్తుంది.

ఆకు అచ్చు: పలక రాయిలో రెండు పొరల మధ్య ఉంటుంది. నడిమి ఈనె, పక్క ఈనెలు కనబడాలి.

మోసం చేసేవి కూడా ఉన్నాయి. రాయి మీద నల్లటి చిన్న చెట్టు బొమ్మ కనబడితే ఆకు అనుకుంటాము. అది చాలాసార్లు మాంగనీసు నీళ్లు పగుళ్లలో పాకిన మరక. గుండ్రటి రాయి దొరకగానే డైనోసారు గుడ్డు అని అరుస్తాము. మట్టిలో ఖనిజం ఒక చోట గడ్డకట్టినా గుండ్రంగానే ఉంటుంది. నా పెట్టెలో అటువంటి "గుడ్లు" నాలుగు ఉన్నాయి, కావలసినవాళ్లు తీసుకోవచ్చు.

సారు అడిగిన ఒక్క ప్రశ్న

ఇప్పుడు నేను పలగ్గొట్టిన రాయి దగ్గరికి మళ్లీ వస్తాను.

ఏడో తరగతిలో నవంబరు నెలలో పెట్టెలు చెక్ చేశారు. నా పెట్టెలో ఆ ముక్క దొరికింది. వార్డెన్ సారు కిటికీలోంచి పారేస్తారనుకొని ఏడుపు ముఖం పెట్టాను. ఆయన ఒక నిమిషం తిప్పి చూసి, "పోయి సైన్సు సారుకు చూపించు" అన్నారు. ఇందుకు ఆయనకు ఈ పత్రిక ద్వారా కృతజ్ఞతలు.

సైన్సు సారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తరువాత అడిగారు.

"ఇది ఎక్కడ దొరికిందిరా?"

"వాగుల సార్."

"ఏ ఒడ్డున? ఒడ్డు మట్టిలో దిగి ఉన్నదా, గులకరాళ్లలో కొట్టుకొచ్చి పడిందా?"

నేను మాట్లాడలేదు.

"పక్కన ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా? మిగతా ముక్కలేవి?"

పందెం వేసి విసిరామని చెప్పాను. సారు తిట్టలేదు. తిడితే బాగుండేది.

2023 సంక్రాంతి సెలవుల్లో సారు మా ఊరికి వచ్చారు. మా నాయన, మా బావ, నేను, సారు నలుగురం వాగుకు పోయాము. కానీ మధ్యలో 2022 జూలై వరద వచ్చిపోయింది. ఆ వరద మీకందరికీ గుర్తుంది. ప్రాణహిత నీళ్లు వెనక్కి తన్ని మా చేన్లు కూడా మునిగాయి. నేను కూర్చున్న ఒడ్డు విరిగి పడింది. దాని మీద నడుము లోతు ఒండ్రు. పొద్దంతా తిరిగాము. మా బావ "ఈడనే" అంటాడు, నేను "కాదు, ఆడ" అంటాను. సాయంత్రానికి ఇద్దరమూ నోరు మూసుకున్నాము.

తిరిగి వచ్చేటప్పుడు సారు చెప్పిన మాట ఇది: "ముక్కను చూస్తే ఎముక అనిపిస్తున్నది. కానీ ఏ పొరలో ఉన్నదో తెలియకపోతే ఏ కాలపుదో చెప్పలేము. మిగతా భాగం లేకపోతే ఏ జంతువుదో చెప్పలేము. చిరునామా లేని ఉత్తరం ఇది."

ఆలోచించండి. ఆ రాయి కోట్ల సంవత్సరాలు మట్టిలో ఆగింది. ఎన్ని వరదలు చూసిందో. నేను నాలుగు దెబ్బలు కొట్టాను. ఇప్పుడు అది ఏమిటో ఎవరూ చెప్పలేరు. యామన్‌పల్లి ఎముకలను కూడా నాలాంటి వాడెవడైనా ముందే పలగ్గొట్టి ఉంటే, బిర్లా సైన్సు సెంటరులో మన ఊరి పేరు ఉండేది కాదు. హైదరాబాదులో ఆ అస్థిపంజరం తొడ ఎముక ముందర అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది నేనే. సారు చెయ్యి పట్టి లాక్కొని పోయారు.

అందుకే కొన్ని నియమాలు

1. దొరికిన రాయిని పలగ్గొట్టకూడదు. సుత్తె తీసుకుపోకూడదు.

2. తీసే ముందు రాసుకోవాలి. తేదీ, ఊరు, వాగు పేరు, ఏ ఒడ్డు, పెద్ద చెట్టు నుంచో కల్వర్టు నుంచో ఎన్ని అడుగులు, ఒడ్డు మట్టి రంగు, రాయి మట్టిలో ఉన్నదా విడిగా ఉన్నదా. చిన్న బొమ్మ కూడా వేసుకోవాలి. పక్కన స్కేలో, పెన్నో పెట్టి కొలత వేయాలి.

3. సగం మట్టిలో దిగి ఉన్నది దొరికితే అసలు ముట్టుకోవద్దు. గుర్తు పెట్టుకొని సారుకు చెప్పాలి. అది ఒక్కటి కాకపోవచ్చు, వెనకాల జంతువు మొత్తం ఉండవచ్చు.

4. విడిగా పడి ఉన్న గులకరాళ్లలో నచ్చినవి ఒకటి రెండు చాలు. గంపలకొద్దీ వద్దు.

5. అభయారణ్యంలో ఏదీ తీయకూడదు, రాయి కూడా. చూసి, బొమ్మ వేసుకొని రావచ్చు.

6. చెట్టు కింద దేవుడని పెట్టిన రాయిని ముట్టుకోకూడదు. అది రాతి చెట్టు అయినా సరే. పెద్దలను అడిగి, దూరం నుంచి చూడండి.

7. ఎవరైనా వచ్చి పైసలిస్తాము, చోటు చూపించండి అంటే ఇంట్లో, బడిలో చెప్పకుండా చూపించకండి.

జాగ్రత్తలు

ముగ్గురికి తక్కువ పోవద్దు. ఎక్కడికి పోతున్నారో వార్డెన్ సారుకు చెప్పి పోవాలి. రాయి కింద తేలు ఉంటుంది, పాము ఉంటుంది. రాయిని ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టి మన వైపుకు లేపాలి. అప్పుడు కింద ఉన్నది అవతలికి పోతుంది. చెయ్యితో కాదు, కర్రతో లేపితే ఇంకా మంచిది. ఒడ్డు కింద గుహ లాగ కోసుకుపోయిన చోట కూర్చోవద్దు, పైది విరిగి పడుతుంది. ఎగువన మబ్బు పట్టితే వాగులోంచి బయటికి రావాలి. మన దగ్గర వాన లేకున్నా వాగు వస్తుంది. బొగ్గు గనుల దగ్గరికి, తవ్వి వదిలేసిన గుంతల్లోకి అసలే పోవద్దు. ఆకు అచ్చులు చూడాలంటే గనిలో పనిచేసే మీ నాయనలను, మామలను అడగండి. చాలామంది చూసే ఉంటారు.

చివరి మనవి

గౌరవనీయులైన వార్డెన్ సార్లకు నా మనవి. సైన్సు గదిలో తలుపు ఊడిన పాత బీరువా ఒకటి ఉంది. దాంట్లో ఒక్క అర మాకు ఇప్పించండి. మేము ప్రతి రాయికి నంబరు వేసి, ఒక నోటుబుక్కులో దాని చిరునామా రాస్తాము. అప్పుడు పెట్టెల్లో రాళ్లు ఉండవు, బట్టలే ఉంటాయి. నెలకు ఒక ఆదివారం సైన్సు సారుతో వాగుకు పోవడానికి అనుమతి కూడా కోరుతున్నాము.

తోటి విద్యార్థులకు ఒక మాట. మనమందరమూ వేరు వేరు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లము. సెలవులకు పోతే ఒక్కొక్కరము ఒక్కొక్క వాగు దాటుతాము. పెద్ద శాస్త్రవేత్త ఎప్పుడో ఒకసారి వస్తారు. ఒడ్డు విరిగిన మరునాడు అక్కడ మేకలు మేపేది మనమే. కాబట్టి మన కళ్లకే ముందు కనబడుతుంది. ఈసారి సెలవులకు పోయేటప్పుడు పెన్సిలు, చిన్న పుస్తకం మరిచిపోకండి.

నోటుబుక్కులో మొదటి నంబరు నా ముక్కకు వేశాను. పక్కన ఇట్లా రాశాను: "నం. 1. గోధుమ రంగు, లోపల రంధ్రాలు. దొరికిన చోటు తెలియదు. కారణం: నేను రాసుకోలేదు." రెండో నంబరు నుంచి చోటు గడి ఖాళీగా ఉండకూడదని నా కోరిక.

మీకు తెలుసా? (జవాబులు పై వ్యాసంలోనే ఉన్నాయి)

1. ఒక్క పన్నుతో పేరు వచ్చిన జంతువు ఏది?
2. గ్రానైటులో ఎముకలు ఎందుకు దొరకవు?
3. రాయిని ఏ అంచు పట్టుకొని లేపాలి?

సరియైన జవాబులు చెప్పిన మొదటి ముగ్గురికి చారల అగేటు రాయి ఒక్కొక్కటి బహుమతి.

ఇట్లు
మీ రాళ్ల పెట్టె మిత్రుడు,
9వ తరగతి